గుంటూరు డాక్టరమ్మగారు: అన్నా సారా కుగ్లరు జీవితము

ధ్యానమునకు వాక్యభాగములు: మార్కు 5:25–34, నిర్గమకాండము 1:15–21



పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ కథ మనలో తెలియనివారు లేరు. ఎందరో వైద్యులను చూచినది, చేతిలోని సొమ్మంతయు పోగొట్టుకొన్నది, రోగము మాత్రము ముదిరినది. తక్కిన రోగులు ప్రభువునకు ఎదురుగా వచ్చిరి, దారి ప్రక్కనుండి కేకలు వేసిరి, పాదములమీద పడిరి. ఈమె మాత్రము గుంపులో దూరి వెనుకనుండి వచ్చినది. ఎందుకు వెనుకనుండి వచ్చినదో పురుషులమైన మనము అంతగా ఆలోచింపము. స్త్రీలకు ఎవరును చెప్పనక్కరలేదు. నలుగురిలో నోట పలుకలేని రోగమది.

చాటుగా వచ్చినందుకు ప్రభువు ఆమెను గద్దింపలేదు. ఆమె సిగ్గును అవిశ్వాసముగా ఎంచలేదు. ఆమెను వెదకినది సిగ్గుపరచుటకు కాదు, కుమార్తెగా ఇంటికి పంపుటకు. ఈ సంగతి మనస్సునందుంచుకొని ఈ నెల ఒక వైద్యురాలి జీవితమును మీ ముందుంచుచున్నాము.

ఈ కథ మనకేల అని కొందరు అడుగవచ్చును. మన బోథ్ చుట్టుపట్ల గ్రామములలో రొమ్ములో గడ్డను ఏడాది దాచుకొన్న తల్లులున్నారు. గర్భసంచి జారినను గుడ్డ కట్టుకొని పత్తి ఏరుటకు పోవువారున్నారు. దవాఖానలో ఆ దినము మగ డాక్టరున్నాడని విని, గేటు దగ్గరనుండియే తిరిగి వచ్చినవారున్నారు. ఇంటిలోని మగవారు దీనిని మూర్ఖత్వమందురు, లేదా తామే వెళ్లనీయరు. ఈ రెండింటికిని నడుమ స్త్రీ ప్రాణము నలిగిపోవుచున్నది. నూట నలువది సంవత్సరములకు పూర్వము ఇదే కష్టము గుంటూరులో నుండెను. దానిని ఎదుర్కొన్నవారే డాక్టరు అన్నా సారా కుగ్లరు అమ్మగారు.

ఆ కాలపు స్థితి

ఆనాడు గోషా పాటించు ఇండ్లలో పరపురుషుడు లోపలికి పోవుట జరుగదు. వైద్యుడు వచ్చినను తెరకు ఇవతలనే కూర్చుండును. రోగి చేయి తెరలోనుండి బయటికి వచ్చును, ఆయన నాడి చూచును. జ్వరమైతే ఏదో ఒక మందు చెప్పవచ్చును. కాన్పు కష్టమైనప్పుడు నాడి చూచి ఏమి చేయగలడు? బిడ్డ అడ్డము తిరిగియున్నను, తల ఇరుకులో చిక్కుకొన్నను, మాయ పడకున్నను, చేతితో పరీక్షింపవలెను, అవసరమైతే పనిముట్టు వాడవలెను. తెర అవతలనుండి ఇది సాధ్యము కాదు.

అందుచేత కాన్పులన్నియు మంత్రసాని చేతిలోనుండెను. మంత్రసానిని మనము చులకనగా చూడరాదు. స్త్రీకి కావలసిన ఒక మేలు ఆమెయొద్ద నుండెను. ఆమె ఆడది, తెలిసిన మనిషి, రాత్రియనక పగలనక పిలిచిన వెంటనే వచ్చును. తేలిక కాన్పులు ఎన్నియో ఆమె చేతిమీదుగా సుఖముగా జరిగెను. కాని కష్టపు కాన్పునకు తగిన శిక్షణ ఆమెకు ఎవరును ఇయ్యలేదు. కడుగని చేతులవలన జ్వరము పుట్టి బాలింతలు చనిపోవుచుండిరి. శిక్షణ పొందిన వైద్యుడు పురుషుడు. స్త్రీ లోపలికి రానిచ్చు మనిషికి శిక్షణ లేదు. చిక్కు ఇక్కడనే యున్నది.

ఈ సిగ్గు మన దేశపు స్త్రీలకే గలదని తలంపవద్దు. అమెరికాలో వైద్య పట్టము పొందిన మొదటి స్త్రీ ఎలిజబెత్ బ్లాక్‌వెల్ గారు. వారికి 1849లో పట్టము వచ్చెను. వారు ఆ దారి పట్టుటకు ఒక కారణము, గర్భకోశ వ్యాధితో మరణావస్థలోనున్న ఒక స్నేహితురాలు. వైద్యము చేసినది స్త్రీయైయుండిన తన బాధ చాలవరకు తగ్గియుండునని ఆ స్నేహితురాలు వారితో చెప్పినదట. తూర్పునకును పడమరకును సిగ్గు ఒక్కటే. పడమటివారు గోషా పెట్టలేదు, అంతే.

ఆర్డ్‌మోరునుండి గుంటూరునకు

కుగ్లరు అమ్మగారు 1856 ఏప్రిల్ 19న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి ఆర్డ్‌మోరు అను ఊరిలో జన్మించిరి. వైద్యవిద్యకై ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరి 1879లో పట్టము పొందిరి. ఈ కళాశాల పేరు మనము జ్ఞాపకముంచుకొనదగినది. ఇది 1850లో స్థాపింపబడెను. స్త్రీ వైద్యురాలిగా మిషను పనికి మొదట మన దేశమునకు వచ్చి 1870లో బరేలీలో దిగిన క్లారా స్వెయిన్ గారు ఇక్కడ చదివినవారే. మన దేశపు ఆడపడుచు ఆనందీబాయి జోషీ గారు 1886లో పట్టము పొందినదియు ఇక్కడనే.

చదువు ముగిసిన పిమ్మట కుగ్లరు అమ్మగారు నారిస్‌టౌనులోని ప్రభుత్వ మానసిక రోగుల ఆస్పత్రిలో పనిచేసిరి. ఆ ఆస్పత్రిలో స్త్రీ రోగులందరు ఒక స్త్రీ వైద్యురాలి పాలనలో నుండిరి. అప్పటికి అది క్రొత్త సంగతి. మనస్సు చెదరిన స్త్రీకి కూడ తన శరీరమును గూర్చిన మర్యాద అక్కరయని అంగీకరించిన చోట వారి మొదటి ఉద్యోగము జరిగెను.

గుంటూరులో లూథరను మిషను 1842లో ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరము జూలై 31న ఫాదరు హయ్యరు గారు అక్కడికి చేరిరి. తరువాత వారు స్వదేశమునకు పోయినప్పుడు బాల్టిమోరులో వైద్యము కూడ చదివి మరల వచ్చిరి. అయితే పురుష వైద్యుడు ఎంత మంచివాడైనను గోషా గుమ్మము దాటలేడు. 1880ల ఆరంభమున గుంటూరులోని మిషనరీ ఆడమ్ రో గారు ఈ అక్కరను తెలుపుచు వ్రాసిన ఉత్తరము కుగ్లరు అమ్మగారికి అందెను. వారు తమ సంఘపు స్త్రీల మిషనరీ సమాజమునకు దరఖాస్తు పెట్టిరి.

ఉపాధ్యాయినిగా వచ్చిన వైద్యురాలు

ఇక్కడ వారికి మొదటి పరీక్ష వచ్చెను. వైద్యపు పని పెట్టుకొనుటకు తాము ఇంకను సిద్ధముగా లేమని సమాజమువారు తెలిపిరి. జెనానాలలో స్త్రీలకు చదువు చెప్పు పనికైతే పంపుదుమనిరి. పట్టము పొందిన వైద్యురాలు అక్షరములు నేర్పుటకు పోవలెను. వేరొకరైతే అవమానమని తలచి విడిచిపెట్టియుందురు. కుగ్లరు అమ్మగారు ఒప్పుకొని, వైద్యపు పనిముట్లను కూడ వెంట తీసికొని, 1883 ఆగస్టులో ఓడ ఎక్కిరి. ఆ సంవత్సరము నవంబరు 29న గుంటూరు చేరిరి. అప్పటికి వారి వయస్సు 27 సంవత్సరములు.

వచ్చినది మొదలు తెలుగు నేర్చిరి, అప్పగించిన పనియు చేసిరి. కాని రోగులు ఊరకుందురా? డాక్టరమ్మ వచ్చినదని తెలిసిన ఇండ్లవారు పిలువసాగిరి. మొదటి సంవత్సరములోనే తమ ఇంటికి వచ్చినవారిని, తాము వెళ్లి చూచినవారిని కలిపి నాలుగు వందలకు పైగా రోగులకు వైద్యము చేసిరి. వీరిని వైద్య మిషనరీగా సమాజమువారు నియమించుట రెండు సంవత్సరముల పిమ్మట, 1885 డిసెంబరులో జరిగెను. పని ముందు నడచెను, పేరు వెనుక వచ్చెను.

గుమ్మము దాటుట అంత సులభముగా జరుగలేదు. అన్యదేశస్థురాలు గనుక అగ్రవర్ణపు ఇండ్లలో వారిని మైలగా చూచిరి. వారు ముట్టినచో స్నానము చేయువారు, బట్టలు తడుపువారు. ఒక చేతితో పిలుచుట, మరియొక చేతితో దూరము పెట్టుట. వైద్యురాలైన తాము ఇంత మేలు చేయుచుండగా ఇట్టి మర్యాదయా అని వారు తిరిగిపోలేదు. స్త్రీ ప్రక్కన కూర్చుండుటకు ఇదియే దారియైతే ఈ దారినే పోవుదమని పోయిరి. సిగ్గును ముందు తీసివేసికొనుడు, తరువాత వైద్యము చేసెదనని వారు షరతు పెట్టలేదు. రోగి యున్న చోటికి, రోగి యున్న స్థితిలో, తామే వెళ్లిరి. ప్రియులారా, వీరి జీవితములో మనము ముఖ్యముగా గమనింపవలసినది ఇదియే.

తెరకు చోటిచ్చిన ఆస్పత్రి

1886లో గుంటూరులో దవాఖాన తెరువబడెను. ఇంటింటికి పోవుట మంచిదే గాని శస్త్రచికిత్సకు, కష్టపు కాన్పునకు మంచములు, వేడినీళ్లు, శుభ్రమైన గది, రాత్రింబవళ్లు కనిపెట్టు దాదులు కావలెను. 1889లో సెలవుమీద స్వదేశమునకు పోయినప్పుడు వారు సంఘములలో తిరిగి ఈ అక్కరను వివరించి ధనము సమకూర్చిరి. 1891లో మరల గుంటూరు వచ్చిరి. ఆ దశాబ్ది ముగియకముందే స్త్రీలకును పిల్లలకును ఆస్పత్రి లేచెను. డాక్టరు మేరీ బేరు గారు, నర్సు కేథరిన్ ఫాస్ గారు వారికి తోడైరి. తెలుగు అమ్మాయిలకు దాది పని నేర్పుట ప్రారంభమయ్యెను.

ఈ దాది శిక్షణ చిన్న సంగతి కాదు. తెల్లదొరసాని ఎంత దయగలదైనను రోగికి పరాయిదే. తన భాష మాటలాడు, తన ఊరి పేరు తెలిసిన ఆడపిల్ల మంచము ప్రక్కన నిలుచున్నప్పుడు స్త్రీకి కలుగు ధైర్యము వేరు. మాల పల్లెనుండియు మాదిగ పల్లెనుండియు వచ్చిన క్రైస్తవ కుటుంబముల పిల్లలు చదువుకొని ఈ పనిలో నిలువగలిగిరి. ఒకప్పుడు ఎవరి నీడ పడరాదనిరో, కష్టకాలమున వారి చేతులనే ఆశ్రయింపవలసి వచ్చెను.

ఏలూరు రాజా భుజంగరావు బహద్దరు గారి కుటుంబమునకు కుగ్లరు అమ్మగారు చేసిన వైద్యము ఆనాడు ప్రసిద్ధికెక్కెను. రాణిగారికి వారి చేతిమీదుగా మేలు కలిగినందుకు కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగుటకై రాజాగారు ఆస్పత్రి యెదుట సత్రము కట్టించిరి. ఆస్పత్రికి వచ్చు స్త్రీ ఒంటరిగా రాదు. తల్లియో అత్తయో తోడురావలెను, తమ ఆచారము చొప్పున వండుకొని తినవలెను. వారికి చోటు లేనిచో రోగియు రాదు. రోగి సిగ్గును, భయమును, ఇంటి కట్టుబాటును లెక్కలోనికి తీసికొన్న ఆస్పత్రియే నిండునని దీనివలన తేలుచున్నది.

ప్రభుత్వమువారు 1905లో వారికి కైసర్-ఇ-హింద్ పతకమునిచ్చి, తరువాత మరల ఒకసారి గౌరవించిరి.

అదే కాలమున ఇతర స్థలములలో

గుంటూరు ఒంటరి దీపము కాదు. మద్రాసు వైద్య కళాశాల 1875లో నలుగురు స్త్రీలను చేర్చుకొనెను. వారిలో ఒకరు మేరీ షార్లీబ్ గారు. 1885లో మద్రాసులో గోషా స్త్రీలకు ప్రత్యేకముగా ఆస్పత్రి ఏర్పడెను. ఆ సంవత్సరమే వైస్రాయి భార్య డఫరిన్ గారి పేర, దేశమంతట స్త్రీలకు స్త్రీలచే వైద్యము అందించుటకు నిధి ప్రారంభమయ్యెను. మన ప్రాంతము అప్పుడు నిజాము రాజ్యములోనిది. హైదరాబాదు వైద్య పాఠశాలలో కూడ ఆ రోజులలోనే ఆడపిల్లలు చేరిరి. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ గారు 1889లో ఉత్తీర్ణులై, శస్త్రచికిత్స వేళ రోగికి క్లోరోఫారమిచ్చు పనిలో పేరుపొందిరి. 1906లో హైదరాబాదులో విక్టోరియా జనానా ఆస్పత్రికి శంకుస్థాపన జరిగెను.

అన్నిటికంటె మన సంఘములకు బాగుగా తెలిసినది వేలూరి డాక్టరు ఐడా స్కడరు అమ్మగారి సంగతి. 1890లో వారు చదువుకొనివచ్చిన పడుచు పిల్ల, వైద్యురాలు కారు. తిండివనములో తండ్రి మిషను వైద్యులు. ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడుమని ఆ పిల్లను వేడుకొనిరి. తన తండ్రిని పంపెదనన్నప్పుడు ముగ్గురును ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ఆ ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆ దినము వారు తమ జీవితమును నిర్ణయించుకొనిరి. అమెరికాకు పోయి 1899లో వైద్యవిద్య ముగించి, 1900లో వేలూరు వచ్చి, 1902లో 40 మంచముల ఆస్పత్రిని, 1918లో స్త్రీల వైద్య పాఠశాలను తెరచిరి. 1922లో మొదటి జట్టులో 14 మంది స్త్రీలు వైద్యురాండ్రై బయటికి వచ్చిరి.

ఈ కథను మనము ఎన్నో పర్యాయములు విన్నాము. కాని ఒక సంగతి తరచుగా విడిచిపెట్టుచున్నాము. మగ వైద్యుడు వద్దన్నది ఎవరు? భర్తలు. ఆ ముగ్గురు స్త్రీల ఇష్టమేమిటో ఆ కథలో ఎక్కడను వినబడదు. వైద్యుని ఎన్నుకొనుట రోగి హక్కు. రోగికి బదులుగా ఇంకొకరు ఎన్నుకొని, ఆ ఎన్నిక వలన ఆమె ప్రాణమే పోయినప్పుడు దానిని మర్యాద యనరాదు. స్త్రీ సిగ్గును గౌరవించుట ఒకటి, స్త్రీ నోరు మూయుట వేరొకటి. ఈ రెండును బయటికి ఒకే తెరవలె కనబడును. దగ్గరకు పోయి, రోగి ప్రక్కన కూర్చుండి, ఆమె మాట విన్నవారికే భేదము తెలియును. కుగ్లరు అమ్మగారు, స్కడరు అమ్మగారు తెర లోపలికి పోయినందువలన స్త్రీకి మందు దొరికినది, మాటలాడుటకు మనిషియు దొరికినది.

1947లో వేలూరి కళాశాల పురుష విద్యార్థులను కూడ చేర్చుకొనెను. ఎం.బి.బి.ఎస్. స్థాయికి పెంచవలసి వచ్చినప్పుడు భారము అధికమై, సంఘములన్నియు కలిసి మోయవలసి వచ్చెను. స్త్రీలకొరకు పుట్టిన సంస్థ పురుషులకు తలుపు తెరచుట కొందరికి బాధ కలిగించెను. అయినను అసలు గురి రోగియే గాని వైద్యుని జాతి కాదని ఆ సంస్థ తన సేవవలన చూపెను.

తుది దినములు

కుగ్లరు అమ్మగారు వివాహము చేసికొనలేదు. గుంటూరే వారి ఇల్లు. 1904లో గుంటూరు ప్రత్యేక జిల్లా అగుట, ఊరు పెరుగుట, మొదట మైలగా చూచినవారి మనుమరాండ్రు కాన్పునకు నిర్భయముగా నడచి వచ్చుట వారు కన్నులార చూచిరి. ఆస్పత్రి చరిత్రను తామే వ్రాసి 1928లో పుస్తకముగా ప్రకటించిరి. చివరి సంవత్సరములలో తీవ్రమైన రక్తహీనతతో బాధపడిరి. 1930 జూలై 26న, 74 సంవత్సరముల వయస్సున, గుంటూరులోనే ప్రభువునందు నిద్రించిరి. మన దేశమునకు వచ్చి అప్పటికి దాదాపు 47 సంవత్సరములు. ఆ ఆస్పత్రికి వారి పేరే నిలిచెను.

నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఇద్దరు మంత్రసానుల పేర్లు వ్రాయబడియున్నవి: షిఫ్రా, పూయా. గొప్ప ఐగుప్తు రాజు పేరు మాత్రము అక్కడ లేదు, ఫరో అని బిరుదు మాత్రమే యున్నది. కాన్పు గదిలో నమ్మకముగా పనిచేసిన స్త్రీల పేర్లను దేవుడు మరువడని మనము దీనినుండి నేర్చుకొందుము.

మనకు పాఠములు

మొదటిది. స్త్రీ వైద్యురాలు కావలెనని కోరుట పాపము కాదు, నేరమును కాదు. చీటీ వ్రాయించుకొనునప్పుడే లేడీ డాక్టరుగారు ఏ దినము, ఏ వేళ ఉందురో అడుగవచ్చును. మన తెలంగాణలో స్త్రీలకొరకు ఆరోగ్య మహిళ అను కార్యక్రమము 2023 మార్చి 8న కరీంనగరులో ప్రారంభింపబడినది. మంగళవారములలో ఎంపికచేసిన కేంద్రములయందు స్త్రీలకు స్త్రీలే పరీక్షలు చేయునట్లు ఏర్పాటు చేసిరి. మీకు దగ్గరలో అట్టి సదుపాయము ఎక్కడ దొరకునో ఆశా కార్యకర్తను గాని నర్సమ్మను గాని అడిగి తెలిసికొనుడి.

రెండవది. మగ డాక్టరు పరీక్షింపవలసి వచ్చినప్పుడు, రోగి స్త్రీయైనచో వేరొక స్త్రీ ఆ గదిలో నుండవలెను. జాతీయ మానవ హక్కుల సంఘము 2018లో సిద్ధపరచిన రోగుల హక్కుల పత్రములో ఇది వ్రాయబడియున్నది. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆ పత్రమును రాష్ట్రములకు పంపెను. గనుక తల్లినో, అక్కనో, నర్సమ్మనో ప్రక్కన ఉంచుమని అడుగుటకు జంకవద్దు. ఏమి చేయబోవుచున్నారో, ఎందుకు చేయుచున్నారో ముందు చెప్పుమనియు, తెర వేయుమనియు అడుగవచ్చును.

మూడవది. ప్రాణాపాయములో వేచియుండరాదు. రక్తము ఆగకున్నను, మూర్ఛలు వచ్చినను, నొప్పులు మొదలై ఎంతసేపటికిని బిడ్డ దిగకున్నను, 108 బండిని పిలిచి, ఆ గడియలో ఏ డాక్టరున్నను ఆయన చేతిలో పెట్టవలెను. ఆ వేళ డాక్టరు ఆడయా మగయా అని లెక్కించుట తిండివనపు రాత్రిని మరల తెచ్చుకొనుటయే.

నాలుగవది. భర్తలారా, అత్తలారా, మామలారా, ఆమెను అడుగుడి. ఎవరియొద్దకు పోవుట ఆమెకు ఇష్టమో ఆమె నోటనే వినుడి. ఆమెకు లేడీ డాక్టరు కావలెననిన, ఆదిలాబాదు పోవలసి వచ్చినను బస్సు చార్జీ బరువని అనవద్దు. ఆమెకు మగ డాక్టరైనను ఫరవాలేదనిన, మీ పరువు పేర అడ్డుపడవద్దు. ఆడ వైద్యురాలైనంత మాత్రమున చాలదు. నొప్పులలోనున్న ఆడదానిని కసరుకొను ఆడ చేతికంటె, మెత్తగా మాటలాడి అనుమతి అడిగి ముట్టుకొను మగ చేతిని కోరుకొను స్త్రీలును కలరు. ఆమె శరీరమును గూర్చిన నిర్ణయము ఆమెది.

అయిదవది. సిగ్గు పురుషులకును కలదు. వరిబీజము, మూలశంక, మూత్రము బంధించుట మొదలగు వాటిని మన అన్నదమ్ములు సంవత్సరములు దాచుకొందురు. మూత్రపు గొట్టము వేయునప్పుడు మగ సిబ్బందిని కోరుట వారికిని తగును. పదునాలుగేండ్ల పిల్లవాడు డాక్టరమ్మ ఎదుట ముడుచుకొన్నప్పుడు నవ్వరాదు. నవ్వినవారి యొద్దకు వాడు మరల తన బాధ చెప్పుకొనరాడు.

ఆరవది సంఘమునకు. ప్రార్థన కూటములలో ఫలానా సహోదరికి ఫలానా చోట రోగమని పేరు పెట్టి, అవయవము పెట్టి చెప్పు అలవాటు మనలో కలదు. మంచి మనస్సుతోనే చెప్పుదుము. కాని మరుసటి దినము బోరింగు దగ్గర అదే మాట నలుగురి నోట నలుగును. ఆ సహోదరి ఇక దవాఖానకును పోదు, ప్రార్థనకును రాదు. ఆమె తానుగా చెప్పినంతవరకే మనము చెప్పుదము. పేరు చెప్పకున్నను దేవునికి తెలియును.

ఏడవది తలిదండ్రులకు. కుగ్లరు అమ్మగారు వచ్చునప్పటికి గుంటూరులో లేనిది, నేడు మన ఇండ్లలో కూర్చుండి చదువుకొనుచున్నది. బడికి పోవు మన ఆడపిల్లలలో రేపటి నర్సమ్మ, డాక్టరమ్మ ఉన్నారు. పదవ తరగతి కాగానే పెండ్లి చేసి పంపినయెడల, మన కోడలి కాన్పు వేళ లేడీ డాక్టరు లేదని వాపోవుటకు మనకు నోరు ఉండదు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. రక్తస్రావముగల స్త్రీ మన సంఘములో ఉన్నయెడల, ఆమె ఎవరితో చెప్పుకొనగలదు? అట్టి నమ్మకమైన పెద్దమ్మ ఒకరైనను మన స్త్రీల సమాజములో ఉన్నారా?

2. మన ఇంటిలో ఎవరైనను చెప్పుకొనలేని రోగమును దాచుకొనియున్నారా? ఈ వారములోనే, ఏకాంతముగా, మెల్లగా అడుగుదమా?

3. మన ప్రాంతపు దవాఖానలలో పనిచేయు డాక్టర్లకొరకును నర్సమ్మలకొరకును ప్రార్థింతము. రాత్రి డ్యూటీలో ఒంటరిగానున్న మగ డాక్టరును, అలసిపోయిన నర్సమ్మను జ్ఞాపకము చేసికొందము. వారి చేతులకు నేర్పును, నోటికి మృదుత్వమును దేవుడు దయచేయును గాక. ఆమెన్.